కుండలో వేసిన గింజలు

జూలై నెల రెండో మంగళవారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు నేను చెయ్యి ఎత్తాను. నా డైరీలో ఆ రోజు కింద ఇంతే రాసి ఉంది: "11.10. చెయ్యి ఎత్తాను. మొత్తం 17."

అది మా వార్డు సభ. జహీరాబాదులో మా గల్లీకి మోరీ మంజూరయింది. మురుగు మోరీ కట్టి, దాని మీదుగా సిమెంటు రోడ్డు వేస్తారు. మోరీ గల్లీకి ఎడమ పక్కన రావాలా, కుడి పక్కన రావాలా అన్నది జనాన్ని అడిగి రాయాలని మున్సిపాలిటీ నుంచి చెప్పారు. రెండు పక్కలా వీలవుతుందని ఇంజినీరు తేల్చాడు. రోడ్డు వాలు ఏ పక్కకు పెడితే నీళ్ళు ఆ పక్కకే పోతాయి. ఏ పక్కన వస్తే ఆ పక్క ఇళ్ళ ముందు రెండడుగులు తవ్వుతారు. అక్కడ ఉన్నది పోతుంది.

మా గల్లీలో నలభై ఒక్క ఇళ్ళు. ఎడమ పక్క ఇరవై, కుడి పక్క ఇరవై ఒకటి. కుడి పక్కన ఉన్నవాళ్ళం చాలావరకు సొంత ఇళ్ళవాళ్ళం. అందరికీ మెట్లు, అరుగులు ఉన్నాయి. ఎడమ పక్కన ఎక్కువ మంది కిరాయికి ఉన్నవాళ్ళు. వాళ్ళ ఇంటి ముందు జాగానే వాళ్ళ పని జాగా. నా ఇంటికి ఎదురుగా జొన్న రొట్టెలు చేసి అమ్మే ఆమె ఉంటుంది. పేరు ఎందుకు, అందరం రొట్టెలామె అనే అంటాం. బీదర్ వైపు సరిహద్దు దాటి ఉన్న ఊరి నుంచి కోడలుగా ఇటు వచ్చింది. భర్త మార్కెట్లో హమాలీ, నడుం పట్టేశాక బరువు పనికి పోవడం లేదు. గడప ముందు ఒక బండ, బండ మీద రెండు పొయ్యిలు. రోజుకు నూట నలభై రొట్టెలు. ఆ లెక్క ఆమె చెప్పింది కాదు, నేను కూర్చుని చూసింది.

సభ కమ్యూనిటీ హాలులో పది గంటల నలభై ఎనిమిది నిమిషాలకు మొదలైంది. మాకు నల్లా నీళ్ళు వచ్చేది మంగళ, గురు, శనివారాల్లో, పదిన్నర నుంచి పన్నెండు దాకా. ఆ వేళకు గల్లీలో ఏ ఆడమనిషీ బిందె వదిలి రాదు. మా కోడలు నల్లా దగ్గర ఉంది కాబట్టి నేను వెళ్ళగలిగాను. వచ్చినవాళ్ళం పంతొమ్మిది మందిమి. అందులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. వార్డు ఆఫీసరు కూడా ఆడపిల్లే, ఇరవై ఆరేళ్ళుంటాయి, కానీ ఆమెను లెక్కలో కలపకూడదు. వచ్చీ రాగానే అందరి చేతా రిజిస్టరులో సంతకాలు పెట్టించుకున్నారు. పైన తీర్మానం రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఎరువుల దుకాణం పెద్దమనిషి, మాకు మూడిళ్ళ అవతల ఉంటాడు, లేచి ఎడమ పక్కన అయితే పగలగొట్టేది తక్కువ, పని తొందరగా అవుతుంది అన్నాడు. ఎడమకే అనేవాళ్ళు చేతులెత్తండి అన్నారు. ఒకాయన ఫోను మాట్లాడుతూ బయట ఉన్నాడు, ఒకాయన కునుకు తీస్తున్నాడు. మిగిలిన పదిహేడు చేతులు లేచాయి. అందులో ఒకటి నాది. ఇరవై రెండు నిమిషాల్లో సభ ముగిసింది.

చెయ్యి ఎత్తేటప్పుడు నాకు నా మెట్లు గుర్తున్నాయి. మూడు షాబాద్ బండలు, మా ఆయన ఉన్నప్పుడు వేయించినవి. ఎదుటి పొయ్యిలు గుర్తుకు రాలేదు. గుర్తుకు రాలేదన్నది కూడా పూర్తిగా నిజం కాదు.

సాయంత్రం ఆరింటికి నాలుగు రొట్టెల కోసం గల్లీ దాటాను. ఆమె పిండి తడుతూనే, సభలో ఏమైందని అడిగింది. మోరీ ఎడమ పక్కకే రాశారని చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. ఒక రొట్టె పెనం మీద వేసి, నీళ్ళ గుడ్డ అద్ది, తిప్పింది. అప్పుడు అడిగింది.

"మీరు గూడ చెయ్యి లేపిన్రా సిస్టరమ్మా?"

ముప్పై నాలుగేళ్ళు ఇదే పట్టణంలో దవాఖాన నర్సుగా ఇల్లిల్లూ తిరిగి సూదులు వేసినదాన్ని. ఆమె బిడ్డకు మొదటి టీకా వేసింది నేనే. అబద్ధం చెప్పే అలవాటు లేదు.

"లేపిన," అన్నాను.

"ఇగ నేనేమంట. పొయ్యి నెత్తిమీద పెట్టుకుంట, అంతేనాయె. తీస్కపోండ్రి, రొట్టెలు సల్లారుతయ్."

నాలుగు అడిగితే అయిదు కట్టింది, ఎప్పటిలాగే.

మరునాడు పది గంటలకు వార్డు ఆఫీసు మెట్లెక్కాను. ఆ అమ్మాయితో నేను మొదట చెప్పింది నా తప్పు, తర్వాత చెప్పింది సభ తప్పు. నలభై ఒక్క ఇళ్ళ గల్లీలో పదిహేడు మంది చేతులు గల్లీ మాట ఎట్లా అవుతుందని అడిగాను. నల్లా వచ్చే వేళకు సభ పెడితే ఎవరు వస్తారని అడిగాను. ఆ అమ్మాయి కోపం తెచ్చుకోలేదు. ఇది ఆమె మొదటి ఉద్యోగం, సభ వేళ పైనుంచి వచ్చిన కాగితంలో ఉన్నదే పెట్టింది, నల్లా సంగతి ఆమెకు తెలియదు. ఫైలు సోమవారం పోవాలి, ఈలోగా ఎక్కువ ఇళ్ళ మాట వేరుగా ఉందని చూపిస్తే శనివారం మళ్ళీ సభ పెడతానని చెప్పింది. సాయంత్రం నాలుగింటికి, గల్లీలోనే. అది కాగితం మీద రాసి ఇవ్వమన్నాను. రాసి ఇచ్చింది.

సంతకాలు తెద్దామని బయలుదేరితే నాలుగో ఇంట్లోనే ఆగిపోయాను. ఒక్కరూ కాగితం మీద చెయ్యి పెట్టరు. వెనక ఎప్పుడో ఖాళీ కాగితాల మీద సంతకాలు చేసి ఇరుక్కున్న సంగతులు ఒక్కొక్కరూ చెప్పారు. పోనీ శనివారం సభకు వచ్చి చేతులెత్తండి అన్నాను. కుడి పక్క ఇంట్లో ఒక కోడలు నవ్వింది.

"మా మామ ఎడమ దిక్కు చెయ్యి లేపుతడు. ఆయన ముంగట నేను కుడి దిక్కుకు లేపాల్నా? మంచిగనే చెప్తున్నరు సిస్టరమ్మా, తర్వాత నాకు అన్నం మీరు పెడ్తరా?"

ఎవరు ఏమన్నారో తెలియకుండా, ఎంతమంది అన్నారో మాత్రం తెలియాలి. ఇంటికొచ్చి ఆలోచించాను. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో విత్తనాల సంఘాల ఆడవాళ్ళు గింజలు పోసి లెక్క చెప్పుకోవడం నేను చూశాను. మూతికి గుడ్డ కట్టిన మట్టి కుండ ఒకటి తీసుకున్నాను. గుడ్డకు చెయ్యి పట్టేంత చీలిక పెట్టాను. మోరీ ఎడమకు రావాలంటే జొన్న గింజ, కుడికి రావాలంటే శనగ గింజ. ఈ రెండూ లేని వంటిల్లు మా గల్లీలో లేదు. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కొక్క గింజ. కుండ లోపలికి తీసుకుపోయి వేసి తెచ్చి ఇవ్వాలి. నేను గడప బయట వీధి వైపు తిరిగి నిలబడతాను.

మా కోడలు వింటూ ఉంది. ఆమె ఇక్కడే ఒక బట్టల దుకాణంలో లెక్కలు చూస్తుంది, మాట తూకంగా మాట్లాడుతుంది.

"అత్తమ్మా, మన మెట్లు మనమే పగలగొట్టించుకునుడా?"

"అడుగుతున్న. అడుగుడు తప్పా?"

"అడుగుడు తప్పు గాదు. జవాబు వస్తదిగద, అదే ఫికర్."

గురువారం మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగూ ఇరవై దాకా తిరిగాను. మూడిళ్ళకు తాళం. ముప్పై ఎనిమిది ఇళ్ళు. సగం గల్లీ తిరిగేసరికి చెయ్యి లాగడం మొదలైంది. వయసు మీద పడిందని అనుకున్నాను.

ఇంటికి వచ్చి చేటలో కుమ్మరించాను. జొన్నలు కుప్ప, శనగలు కుప్ప. గింజా గింజా వేరు చేస్తూ వెయ్యి దాకా లెక్కపెట్టి ఆపేశాను. పసిపిల్లలను తూచే వేలాడే కాటా ఇంకా నా దగ్గర ఉంది. మూట కట్టి దానికి తగిలించాను. కిలో తొమ్మిది వందల గ్రాములు. పుట్టిన బిడ్డ అయితే తక్కువ బరువు అని రాసి పెద్ద దవాఖానకు పంపేదాన్ని.

మా కోడలు మూట వంక చూసి తల దించుకుంది. నువ్వెంత వేశావని అడిగాను.

"దోసెడు."

"ఒక్క గింజ అని చెప్పిన గద."

"కుండ పట్టుకొని ఇంటికొస్తే ఒక్క గింజ ఎట్ల వేస్తరత్తమ్మా? బిచ్చానికొచ్చినోనికైనా గుప్పెడు వేస్తం. ఒక్క గింజ వేస్తే ఇంట్ల కరువని అనుకుంటరు."

గుమ్మం ముందుకు వచ్చిన కుండలో గింజ లెక్కగా వేసే ఇల్లు ఈ ప్రాంతంలో ఉండదు. అరవై ఎనిమిదేళ్ళు ఇక్కడే బతికి నాకు ఆ సంగతి తట్టలేదు. మరునాడు ఇంటింటా అడిగితే అందరిదీ అదే మాట. ఇద్దరు ముగ్గురైతే ఎవరి మనసూ నొప్పించడం ఎందుకని జొన్నలు గుప్పెడు, శనగలు గుప్పెడు వేశారట.

దారి చూపింది మా కోడలే. శుక్రవారం దుకాణానికి పోకుండా ఆగింది. "దానానికి పనికిరానిది పెట్టు అత్తమ్మా," అని, చింతపండు కొట్టినప్పుడు డబ్బాలో దాచిన గింజలు తెచ్చి ముందు పోసింది. చింతగింజ ఎవరూ దానం చేయరు. ఆడుకోవడానికే అది. ఆటకు అరగదీసినట్టే నూట పది గింజలు బండ మీద ఒక పక్క తెల్లగా అరగదీసింది. మరో నూట పది నల్లగా అట్లాగే ఉంచాము. నలుపు ఎడమ, తెలుపు కుడి. మనిషికి రెండు గింజలు చేతికిస్తాను. ఒకటి కుండలో, ఒకటి తిరిగి డబ్బాలో, రెండూ ఇంటి లోపలే వేసి తేవాలి. ఇంటిల్లిపాదీ వేశాక, పోలియో చుక్కల రోజున రాసినట్టు, తలుపు మీద సుద్దముక్కతో మనుషుల సంఖ్య రాస్తాను. ఒక ఇంటి ముసలాయన ఆ సుద్ద గుర్తు చూసి, "మా ఇంట్ల చిన్నోన్ని నేనే. నా నోట్ల చుక్క వేస్తవా?" అన్నాడు.

మధ్యాహ్నం మూడింటి నుంచి అయిదున్నర దాకా పట్టింది. తాళాలు అవే మూడు. ముప్పై ఎనిమిది ఇళ్ళు, తొంభై ఏడు మంది. కుండ మూతి బిగించి, ముడి మీద లక్క వేసి, వార్డు ఆఫీసరు చేతికిచ్చి రసీదు తీసుకున్నాను. మా ఇంట్లో ఎవరు ఏ గింజ వేశారో నేను అడగలేదు. నేను తెల్లది వేశాను.

శనివారం నాలుగింటికి రొట్టెలామె బండ ముందు చాపలు పరిచారు. వచ్చినవాళ్ళు అరవై మూడు మంది, అందులో ఆడవాళ్ళు ముప్పై ఎనిమిది. మొన్నటి శనగలు ఉడికించి గుగ్గిళ్ళు చేసి పంచాను. జొన్నలు రొట్టెలామెకు ఇచ్చేశాను. ఆమె ఎంత వద్దన్నా, అవి గల్లీ గింజలు, నావి కావు అన్నాను.

ఎరువుల దుకాణం పెద్దమనిషి గుగ్గిళ్ళు తింటూనే అడిగాడు.

"చింతగింజలతోని మున్సిపాలిటి నడుస్తదా సిస్టరమ్మా?"

"నడవది. లెక్క నడుస్తది. మీరే లెక్కపెట్టుండ్రి."

కుండ ఆయన ముందు పెట్టాము. ముడి ఆయనే విప్పాడు. నలుపు ఒక పక్క, తెలుపు ఒక పక్క, పదేసి చొప్పున పేర్చాడు. మళ్ళీ మొదటి నుంచి పేర్చాడు. దుకాణం నడిపినవాడు, లెక్క తప్పడు. తెలుపు యాభై ఎనిమిది. నలుపు ముప్పై తొమ్మిది. తొంభై ఏడు. తలుపుల మీది సుద్ద అంకెలు కూడితే కూడా తొంభై ఏడే.

ఎడమ పక్క ఇళ్ళ మనుషులు అందరూ కలిపినా యాభై ఎనిమిది లేరు. అంటే కుడి పక్కవాళ్ళు కొందరు తమ మెట్ల మీదికే తెల్ల గింజ వేశారు. ఎవరన్నది ఇప్పటికీ ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే మంచిదయింది.

వార్డు ఆఫీసరు రొట్టెలామె వైపు తిరిగి, మీరేమంటారమ్మా అని అడిగింది. ఆమె లేవలేదు. పిండి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఎవల మెట్లు పోవాలని నేను అడుగలే మేడం. నా పొయ్యికి రెండు ఫీట్ల జాగ ఉంటె సాలు. అది గూడ ఎక్కువనిపిస్తే చెప్పుండ్రి, ఒకటే పొయ్యి పెట్టుకుంట."

అప్పుడు, వార్డు ఆఫీసరుతో వచ్చిన ఇంజినీరు టేపు తీశాడు. కుడి పక్కన ఎవరి ఇంటి ముందు ఎంత పోతుందో రోడ్డు హద్దు నుంచి కొలిచి ఇప్పుడే చెప్పమని అడిగింది నేనే. నోటిమాట వద్దు, అంగుళాలతో సహా రాయమన్నాను. టేపు ఒక కొస నేనే పట్టుకున్నాను. పెద్దమనిషి మెట్లు హద్దు దాటి అడుగూ తొమ్మిది అంగుళాలు. పక్కింటివి అడుగూ రెండు. మా ఇంటి దగ్గరికి వచ్చాము. ఇంజినీరు రెండుసార్లు చూసి చెప్పాడు. రెండడుగుల నాలుగు అంగుళాలు. గల్లీ మొత్తం మీద రోడ్డులోకి ఎక్కువ జరిగిన మెట్లు నావే. ఎదుట రొట్టెలామె బండ కూడా కొలవమన్నాను. నాలుగు అంగుళాలు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆ మెట్ల మీద కూర్చుని ఎవరి అరుగు ఎంత ముందుకు వచ్చిందో మాట్లాడాను. ఊళ్ళో పిల్లల బరువులు గ్రాములతో రాశాను. మేస్త్రీ తన అడుగులతో కొలిచి వేసిన నా మెట్లకు ఒక్కసారి టేపు పెట్టలేదు.

పెద్దమనిషి గుగ్గిళ్ళ ఆకు పక్కన పెట్టాడు.

"రాసుకో సిస్టరమ్మా, రాసుకో. అందరివి రాస్తవు గద."

రాసుకున్నాను. అక్కడే, వాళ్ళ ముందే.

ఆ తర్వాత పని సులువయింది. నా మెట్లు మొదట తీయండి, మిగతావాళ్ళవి తర్వాత చూద్దురు అన్నాక కుడి పక్కన ఇంకెవరూ గట్టిగా కాదనలేకపోయారు. వార్డు ఆఫీసరు తీర్మానం ముందు రాసింది. రాసింది నిలబడి చదివింది. వెనక ఉన్నవాళ్ళకు వినబడలేదంటే మళ్ళీ చదివింది. అప్పుడు సంతకాలు. మామ ముందు చెయ్యి లేపనన్న కోడలు కూడా వచ్చి సంతకం చేసింది, ఎందుకంటే ఆమె మామ అప్పటికే చేశాడు. కింద ఇంకొక వాక్యం రాయించాను: ఈ వార్డులో సభ నల్లా వచ్చే వేళకు పెట్టరాదు. ఆ వాక్యం ఇప్పటిదాకా తప్పలేదు. తర్వాత రెండు సభలు జరిగాయి. రెండూ సాయంత్రం నాలుగింటికే. మొదటిదానికి యాభై ఒక్కరు వచ్చారు, రెండోదానికి అరవై ఎనిమిది మంది. చింతగింజల డబ్బా వార్డు ఆఫీసులో బీరువా మీద ఉంది. వీధి దీపాలు మొదట ఏ మూల పెట్టాలన్నది దానితోనే తేలింది.

పని ఆగస్టులో మొదలై ఇరవై రెండు రోజులు నడిచింది. గల్లీ అంతా తవ్వి ఉన్న తొమ్మిది రోజులు రొట్టెలామె పొయ్యి వెలగలేదు. పదో రోజు పొద్దున బండకు నాలుగు అంగుళాలు తానే ఉలితో కొట్టించుకుని, రెండు పొయ్యిలూ వెనక్కి జరిపి, పెనం పెట్టింది. మా ఇంటికి ఇప్పుడు మోరీ మీద పలక, ఆ పలక మీద నుంచి ఒక్కటే నిట్టనిలువు మెట్టు. ఎక్కేటప్పుడు గోడ పట్టుకుంటాను. సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం పెద్ద వాన పడింది. వెనకటి ఏళ్ళలో అయితే నీళ్ళు ఎడమ ఇళ్ళ గడపల దాకా నిలిచి, తెల్లారి దాకా తీసేవి కావు. గడియారం పట్టుకుని తలుపు దగ్గర కూర్చున్నాను. వాన వెలిసిన ముప్పై అయిదు నిమిషాలకు రోడ్డు కనబడింది. ఎదుట పొయ్యి ఆరలేదు. ఆమె అక్కడి నుంచే చెయ్యి ఊపింది, నేను ఇక్కడి నుంచి ఊపాను.

తన మెట్లు తీసిన రోజు నుంచి పెద్దమనిషి నాతో మాట్లాడటం మానేశాడు. మొన్నీమధ్య రొట్టెల కోసం వచ్చి, నా వంక చూడకుండానే, "వచ్చే సభ ఎప్పుడంటా?" అని గాలిని అడిగాడు. తారీఖు, వేళ చెప్పాను.

ఇక పోయినవి రాస్తున్నాను.

షాబాద్ మెట్లు మూడు. తీసేటప్పుడు రెండు పగిలాయి, ఒకటి పెరట్లో ఉంది.

ఆ మెట్ల కింది జాగా, రెండడుగుల నాలుగు అంగుళాలు.

మెట్ల పక్కన కరివేపాకు చెట్టు ఒకటి, పదకొండేళ్ళది.

కుడి పక్కన మిగిలిన ఇళ్ళ మెట్లు, అన్నీ కలిపి ఇరవై ఆరు.

రొట్టెలామె బండ, నాలుగు అంగుళాలు.

పెద్దమనిషి మాటలు, నలభై ఒక్క రోజులు.

చింతగింజలు రెండు, ఒకటి నల్లది, ఒకటి తెల్లది. డబ్బాలో తక్కువ వచ్చాయి.

రొట్టెలు, తొమ్మిది రోజులకు, పన్నెండు వందల అరవై.